బిళ్ళల కిటికీ అవతలి మనిషి

నిరుడు గోవాలో ఒక పెద్ద హోటల్ వెనక గేటు నన్ను లోపలికి రానివ్వలేదు. ముందు గేటు నుంచి పోయుంటే సలాం కొట్టి మరీ తీసుకుపోయేవారు. ఆ హోటల్లో కింది అంతస్తంతా జూదపు హాలే. కేసినో అంటారు. పోగొట్టుకోవడానికి వచ్చేవాళ్ళకు ముందు గేటు, పనిచేయడానికి వచ్చేవాళ్ళకు వెనక గేటు. అనుమానమంతా వెనక గేటు దగ్గరే. లోకంలో ఎక్కడైనా అంతే కదా.

మా తమ్ముడు ఆ వెనక గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజరు. అక్క వచ్చిందని సంబరపడి తన రాజ్యమంతా చూపించాడు. గోడకు ఒక పెట్టె బిగించి ఉంది. పెట్టె పొట్టలో ఒక పలక, పలక మీద నాలుగు గుబ్బలు. పనివాడు ముందు కార్డు గీకాలి, తర్వాత ఆ గుబ్బల మధ్య వేళ్ళు ఇరికించి చెయ్యి ఆనించాలి. పెట్టె ఆ చేతి పొడవూ వెడల్పూ మందమూ కొలుచుకుని, మనిషి ఆ మనిషే అయితే పచ్చదీపం వెలిగిస్తుంది.

"కార్డొక్కటే ఉన్నప్పుడు ఒకనిది ఒకడు గీకేటోళ్ళక్కా. గందుకే చెయ్యి పెట్టిస్తున్నం. ఏ దేశంల జూసినా పెద్ద పెద్ద కేసినోలల్ల గిదే నడుస్తుంది. కార్డంటే ఇస్తడు, చెయ్యిని ఎవడు కోసిస్తడు?"

నేనూ చెయ్యి పెట్టాను. ఎర్రదీపం వెలిగి పెట్టె కుయ్యోమంది. ముగ్గురు వంటవాళ్ళు నావైపు దొంగను చూసినట్టు చూశారు.

"నిన్నింకా ఎక్కియ్యలే కదక్కా. గది నిన్నెరుగదు."

"ఎరుగకపోతే పాయె. నా చెయ్యినెరిగినాయన బీడీ తాగేటోడు. దీనికి కరెంటు పోతే ఏం తాగుతది?"

తమ్ముడు నవ్వాడు. "బిళ్ళల కాక ముచ్చటేనా? నువ్వింకా ఆయనను ఇడువలేదా?"

విడవలేదు. తమ్ముడికి ఆయన గురించి తెలిసింది సగమే. మిగతా సగం ఆ రోజు ఆ గేటు దగ్గర నిలబడే చెప్పాను. ఇప్పుడు మీకు చెప్తున్నాను. ఆయన పేరు మాత్రం రాయను. ఎందుకు రాయనో కూడా చెప్తాను, తొందరేముంది.

నస్పూర్ దగ్గర మా బాయి. బొగ్గు గనిని మా దగ్గర బాయి అంటాం. బాయి ముందర, దీపాలిచ్చే గది పక్కనే, బిళ్ళల గది. దానికొక కిటికీ. జానెడు వెడల్పు, జానెడు ఎత్తు, మనిషి నడుము దగ్గరికి వచ్చేలా కట్టారు. ఏ మేస్త్రీ మతిపోయి కట్టాడో గానీ, బయట నిలబడ్డవాడికి లోపలి మనిషి మొహం కనిపించదు, లోపల స్టూలు మీద కూర్చున్నవాడికి బయటివాడి మొహం కనిపించదు. కనిపించేది మణికట్టు దాకా చెయ్యి. అంతే.

లోపల గోడంతా చెక్కపలకలు, పలకల నిండా మేకులు, ప్రతి మేకుకూ నంబరు వేసిన ఒక ఇత్తడి బిళ్ళ. దిగేవాడు కిటికీలో చెయ్యి పెడతాడు, తన బిళ్ళ తీసుకుంటాడు. ఎక్కివచ్చాక తిరిగి ఇస్తాడు. షిఫ్టు అయ్యాక ఏ మేకు బోసిగా ఉందో ఆ మనిషి ఇంకా భూమి కడుపులో ఉన్నట్టు.

పద్ధతి ప్రకారం చెయ్యి పెట్టినవాడు నంబరు చెప్పాలి. ఆయన కిటికీలో ఎవరూ నంబరు చెప్పగా నేను వినలేదు. చెయ్యి వస్తుంది, చేతిలో బిళ్ళ పడుతుంది, చెయ్యి పోతుంది. వెయ్యికి పైగా చేతులు. మూడు షిఫ్టుల్లో ఒక్కటే ఆయనది, అయినా అన్ని షిఫ్టుల వాళ్ళూ ఆయనకు తెలుసు, ఎందుకంటే షిఫ్టులు మారుతూ అందరూ ఆ కిటికీ ముందుకు రావలసిందే.

ఆయనకు మొహాలు తెలియవు. ఇది నేను ఎకసెక్కానికి అనడం లేదు. బజారులో ఎదురుపడితే పక్కనుంచి పోయేవాడు. ఎదుటివాడు "కాకా" అని పిలిస్తే ముందు చేతి వైపు చూసి, "ఓ, నాలుగు వందల ఎనభై!" అనేవాడు, అప్పుడు మొహం విప్పారేది.

పలచటి మనిషి. చెవి మీద సగం కాలిన బీడీ. కుడిచెయ్యి ఎప్పుడూ కిటికీకే, అందుకే చాయ ఎడమచేత్తో సాసర్లో పోసుకుని తాగేవాడు. ఎవరి బిళ్ళయినా తిరిగి రావడం ఆలస్యమైతే ఆ చాయ కూడా తాగేవాడు కాదు. చల్లారి మీగడ కట్టిన సాసరు అలా స్టూలు పక్కన ఉందంటే, బాయిలో ఎవరో ఇంకా ఎక్కలేదని అర్థం. మేనేజరు సైతం అటుగా పోతూ ముందు సాసరు వైపు చూసేవాడు.

ఒక్కొక్కసారి ఆయన బిళ్ళ ఇచ్చేవాడు కాదు. వచ్చిన చేతిని పట్టుకుని, ఖాళీ అరచేతిని తన వేళ్ళతో మూసి, పిడికిలి చేసి, గట్టిగా ఒక్క నొక్కు నొక్కి బయటికి నెట్టేవాడు. దానికి ఒక్కటే అర్థం. ఇయ్యాల దిగకు.

"నాకేం జరం లేదు కాకా, బిళ్ళియ్యి!" అని బయటినుంచి ఎవరో అరిచేవాడు.

"నీకు లేదురా. నీ చేతికున్నది. చెయ్యినింట్ల పండవెట్టి నువ్వు రా."

తాగివచ్చిన చెయ్యి ఆయనకు తెలుసు. రాత్రంతా నిద్రలేని చెయ్యి తెలుసు. ఇంట్లో కొట్లాడి వచ్చిన చెయ్యి తెలుసు, దానిమీద గాజుపెంకు గీతలుండేవి కాబట్టి దానికి పెద్ద విద్య అక్కర్లేదనుకోండి. పెళ్ళయిన మూడోరోజే వచ్చిన ఒకడికి కంకణం పట్టుకుని గుంజి, "పసుపు తడారలే, గప్పుడే బొగ్గు యాదికొచ్చిందారా పోరడా?" అన్నాడు. లైనంతా నవ్వింది. వాడు ఎర్రబడిన మొహంతో ఇంటికి పోయాడు. ఇలా వెనక్కి పంపడానికి ఆయనకు ఏ అధికారమూ లేదు. కాయితం లేదు, హోదా లేదు. కానీ ఆయన పిడికిలి మూసి పంపిన మనిషి ఆ రోజు మళ్ళీ లైన్లో నిలబడడం నేను చూడలేదు. తిట్టుకుంటూ పోయేవాళ్ళు, మరునాడు సీతాఫలాలు పట్టుకొచ్చేవాళ్ళు.

నేను డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉండగా పైకప్పు కూలి మా నాన్న, మా బాపు, బాయిలోనే పోయాడు. తమ్ముడు చిన్నవాడు. ఆడపిల్లకు కొలువేమిటి అన్నవాళ్ళందరితో ఏడాదిపాటు కొట్లాడి, బాపు పోయినందుకు ఇంట్లో ఒకరికిచ్చే కొలువు కింద ఆఫీసులో గుమస్తాగా చేరాను. అప్పుడే ఆయనను మొదటిసారి చూశాను. అందరిలాగే నేనూ కాకా అన్నాను. ఆయన నన్ను ముందు బిడ్డా అన్నాడు, తర్వాత కోపమొచ్చినప్పుడల్లా మేడం అన్నాడు. మేడం అన్న రోజులే ఎక్కువ.

తొంభైలు వచ్చాక బాయికి కార్డు మిషను వచ్చింది. ఫొటో, పేరు, వెనకాల నల్లటి గీత ఉన్న ప్లాస్టిక్ కార్డు. గీకితే మనిషి లోపలికి పోయినట్టు, మళ్ళీ గీకితే బయటికి వచ్చినట్టు. పేర్లన్నీ కంప్యూటరుకు ఎక్కించే పని నాది. నేనూ కంప్యూటరు నేర్చుకున్నానన్న గర్వం కాస్త ఎక్కువగానే ఉండేది. హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజినీరు అందరినీ పోగుచేసి చెప్పాడు.

"విదేశాల్లో పెద్ద పెద్ద కేసినో హోటళ్ళలో ఇవే మిషన్లు. వేలమంది స్టాఫ్. ఎవరెప్పుడు వచ్చారో, ఏ తలుపు తీశారో అన్నీ తెలిసిపోతాయి. ఒక్క దొంగ కూడా తప్పించుకోలేడు."

గుంపులోంచి ఆయన చెయ్యెత్తాడు. "సారూ, గాడ పనోళ్ళు మొఖానికి బొగ్గు రాసుకుంటరా?"

"ఎందుకు రాసుకుంటారు?"

"మరి మావోళ్ళను గీ ఫొటోతోని ఎట్ల గుర్తువడుతరు? దిగేటప్పుడు ఒక్కొక్కడు ఒక్కో తీరు, ఎక్కేటప్పుడు అందరొక్క తీరు."

జనం గొల్లుమన్నారు. ఇంజినీరు మొహం మాడింది. నాకు ఒళ్ళు మండింది. "ఏం కాకా, నీ కుర్చీ పోతదని పరేషానా?" అన్నాను.

"నాకు కుర్చెక్కడిది బిడ్డా, స్టూలు. పరేషాన్ గదానికి కాదు. కార్డొచ్చిందని మిషిని చెప్తది. మనిషొచ్చిండని ఎవలు చెప్తరు?"

జవాబు దొరకనప్పుడు నేను గొంతు పెంచుతాను. "అన్నీ చెప్తది కాకా, నువ్వు జర నోరు మూసుకుంటే" అన్నాను.

బిళ్ళలన్నీ గోనెసంచుల్లో పోసి తుక్కు సామాను గదిలో పడేయమని ఆర్డరు వచ్చింది. ఆయన ఆదివారం వచ్చి, పలకల మీది బిళ్ళలన్నీ దింపి చింతపండు పులుసుతో తోమాడు. ప్రతి ఆదివారం తోమేవాడే, కానీ ఆ రోజు మరీ మెరిసేలా తోమాడు.

"తుక్కుకు పోయేదానికి గింత తోముడెందుకు కాకా?"

"ఇంట్లకెళ్ళి పంపేటప్పుడు తానం పోసి పంపరా?"

మిషను పెట్టిన నెలకు దసరా వచ్చింది. ఆ పండగకు మా దగ్గర పనిముట్టుకు మొక్కని మనిషి ఉండడు. కొత్త మిషనుకు మొక్కకపోతే దానికి కోపం రాదా? దండ వేశారు, బొట్టు పెట్టారు, కార్డు గీకే సందు పొడుగూతా పసుపూ కుంకుమా మెత్తారు, దాని నెత్తిమీదే కొబ్బరికాయ కొట్టారు. ఇక ఇళ్ళల్లో ఆడవాళ్ళు, ఫొటో ఉన్న కార్డు కాబట్టి, దేవుడి గూట్లో పెట్టి వెనకా ముందూ పసుపు రాశారు. భక్తికి ఏ లోటూ చేయలేదు పాపం. మరునాడు పొద్దున మొదటి షిఫ్టుకు మిషను ఒక్కరిని కూడా గుర్తుపట్టలేదు. ఒక్కొక్కడూ కార్డు గీకడం, అది ఎర్రగా చూడడం. దాని సందుల్లోంచి కొబ్బరినీళ్ళు కారుతున్నాయి. తుక్కు గది తాళం చెవి పట్టుకుని స్టోరు గుమస్తా అత్తగారి ఊరికి పోయాడు. బిళ్ళలు లేవు, కార్డులు లేవు. బాయి ముందర మూడు వందల మంది నిలబడ్డారు.

మేనేజరు ఆ రోజుకు బాయి ఆపేద్దామన్నాడు. అప్పుడు ఆయన ఎవరినీ అడగకుండా పోయి స్టూలు మీద కూర్చుని, కిటికీ తలుపు తెరిచాడు.

"రాండ్రి. ఒక్కొక్కడు చెయ్యి పెట్టి పోండ్రి. పోయేటప్పుడు తాకాలె, వచ్చినంక తాకాలె."

నేను లోపల ఆయన పక్కనే నిలబడ్డాను, తప్పు పట్టడానికే. మూడు వందల చేతులు వచ్చాయి. ప్రతి చేతినీ అరచేతిలో అరచెయ్యి వేసి ఒక్క క్షణం పట్టుకున్నాడు, వదిలేశాడు. ఏమీ రాసుకోలేదు. మధ్యలో ఇద్దరికి పిడికిలి మూసి ఇంటికి పంపాడు. షిఫ్టు అయ్యాక మళ్ళీ చేతులు రావడం మొదలైంది, ఈసారి అన్నీ నల్లగా, చెమటతో, ఒకేలాగా. నా కంటికి ఒకేలాగా. అవి అయిపోయాక బయట లైను ఖాళీ అయింది. ఆయన సాసర్లో పోసిన చాయ ముట్టలేదు.

"ఒక్క చెయ్యి రాలే."

"ఎవలిది?"

"ఆరు వందల నాలుగు."

నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. "మూడొందల చేతులల్ల ఒక్కటి తక్కువైందని లెక్క రాయకుంట ఎట్ల చెప్తవ్ కాకా?"

"ఇంట్ల పది మంది పిల్లలుండి ఒకడు బువ్వకు రాకపోతే తల్లి లెక్క రాసుకుంటదా?"

మనుషులు బాయిలోకి దిగి రెండు గంటలు వెతికారు. ఆరు వందల నాలుగు బాయిలో లేడు. గాలి పంకా వైపు దారినుంచి మధ్యాహ్నమే దొంగగా ఎక్కి, దసరా మిగులు మాంసం తిని ఇంట్లో పడుకున్నాడు. కబురు తెచ్చినవాడి మాట ఆయన నమ్మలేదు. నడుచుకుంటూ వాడి క్వార్టరుకు పోయాడు, మంచం మీదినుంచి వాడి చెయ్యి లాగి పట్టుకున్నాడు, "ఉన్నడు" అన్నాడు. అప్పుడు వాడి వీపు మీద ఒక్కటి చరిచి, వాడి పెళ్ళాంతో చాయ పెట్టించుకుని తాగాడు.

ఆయన తిరిగివచ్చి కిటికీ మూయబోతుంటే నాకొక దుర్బుద్ధి పుట్టింది. గాజులు తీసి, చేతికి ఇంత బొగ్గుపొడి పులుముకుని, చప్పుడు చేయకుండా బయటినుంచి కిటికీలో చెయ్యి పెట్టాను. ఆయన పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. నా బొటనవేలు వెనక్కి విల్లులాగా వంగుతుంది. దాన్ని రెండుసార్లు వంచి చూశాడు.

"గీ చెయ్యికి బిళ్ళ లేదు బిడ్డా" అన్నాడు. "ఏలు మాత్రం మూడు వందల పదకొండుది."

మూడు వందల పదకొండు మా బాపు నంబరు. బాపు పోయి అప్పటికి పదేళ్ళు దాటింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కడుక్కోవాలనిపించలేదు.

ఈ చేతుల ముచ్చట బాయంతా పాకింది. అక్కడే వచ్చింది తంటా. కొత్తగా వచ్చిన సెక్యూరిటీ ఆఫీసరు చెవిన పడింది. మా బాయిలో మారుపేర్ల మనుషులు ఉండేవాళ్ళు. పాతకాలంలో గేటు దగ్గర లిస్టు పట్టుకుని పేరు పిలిస్తే, ఆ మనిషి రాకపోతే, ఆకలితో నిలబడ్డ ఇంకొకడు "ఉన్న" అని లోపలికి పోయేవాడు. ఇక జన్మంతా ఆ పేరే. కార్డుల మీద పేర్లు పక్కా చేయాలి కాబట్టి అలాంటి వాళ్ళను ఏరి తీసేయాలని ఆఫీసరు పట్టు. మొదటినుంచీ కిటికీలో కూర్చున్న మనిషికి ఎవడు ఎవడో తెలియకుండా ఎలా ఉంటుంది? లిస్టు ఇమ్మన్నాడు. ఆయన ఇవ్వనన్నాడు. కొలువు దిగడానికి ఆయనకు ఇంకా నాలుగు నెలలుంది.

ఆయనను ఒప్పించమని నన్ను పంపారు. నేను కూడా ఆ లిస్టు కావాలనే అనుకున్నాను, దాచడమెందుకు.

"ఒకని పేరు మీద ఇంకొకడు బతుకుడు దొంగతనం కాదా కాకా?"

"పేరు వోయినోడు ఎవడన్న వచ్చి అడిగిండా?"

"అడగకుంటే మాత్రం? అబద్ధం అబద్ధమే కదా."

"అబద్ధం పేరుతోని దిగినోడు నిజం బొగ్గే తీసిండు కదా మేడం. మీదవడ్డ బండ గుడ నిజందే."

"మాటలు మంచిగనే నేర్చినవ్. లిస్టియ్యకుంటే చార్జిషీటు ఇస్తరు. నేనే రాస్త."

"రాయి బిడ్డా. నీకు రాసుడు మంచిగొస్తది."

రాశాను. మంచిగానే రాశాను, ఒక్క తప్పు లేకుండా. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయి మా అమ్మకు ఆ సంగతి గొప్పగా చెప్పాను. మా ఇంట్లో అమ్మను అవ్వ అంటాం. అవ్వ చాటలో బియ్యం ఏరుతోంది. ఏరడం ఆపింది.

"ఎవల మీద రాసినవ్?"

"బిళ్ళల కాక మీద."

అవ్వ చాట పక్కన పెట్టింది. "నీ సంతకంల బాపు పేరున్నది కదా. గది మీ బాపుది కాదే. ఆయనది."

మా నాయనమ్మ బాపును వేరే పేరుతో పిలిచేది. ఇంట్లో పిలుచుకునే పేరనుకున్నాను. ముద్దుపేరు లేనివాడు మా దగ్గర ఎవడు? అవ్వ చెప్పుకుంటూ పోయింది. నేను జీవితంలో మొదటిసారి అడ్డం మాట్లాడకుండా విన్నాను.

"అరవై తొమ్మిదిల. ఊళ్ళె ఏం పండలే. వేములవాడ కాడ బస్సెక్కినం. ఆయన మా పక్కసీట్ల కూసున్నడు. నువ్వు ఆయన ఏలు వట్టుకున్నవ్, బాయి అచ్చేదాంక ఇడువలే. ఆయన పేరు లిస్టుల ఉన్నది, మీ బాపుది లేదు. గేటు కాడ ఆయన పేరు పిలిచిండ్రు. ఆయన పలుకలే. మీ బాపు ఈపు మీద ఒక్కటి సరిచి, పలుకు అన్నడు. మీ బాపు ఉన్న అన్నడు. గంతే."

"మరి ఆయన?"

"పొద్దెక్కిందాంక నిలవడ్డడు. ఆఖరుకు ఎవలిదో పేరు మూడుసార్లు పిలిచినా ఎవలు రాలే. గప్పుడు ఆయన ఉన్న అన్నడు. గది గుడ రాకుంటే మళ్ళ బస్సెక్కుతుండె."

"మనింటికి ఒక్కనాడన్న రాలేదేంది?"

"ఇద్దరొక్క కాడుంటే, ఎవలన్న పేరు పిలిస్తే రెండు తలకాయలు తిరుగుతయ్ కదనే. గందుకు ఒక్క కాడ కూసొని చాయ గుడ తాగలే."

"నాకు ముందే చెప్పొద్దా అవ్వా?"

"నీకు చెప్పుడంటే మైకుల చెప్పినట్టే."

సర్టిఫికెట్లలో, కొలువు కాగితాల్లో, ఆ చార్జిషీటు కింద నేను పెట్టిన సంతకంలో ఉన్న పేరు ఆయన పేరు. ఇక్కడ రాయనిది అందుకే. ఆయన లిస్టు ఇస్తే మొదట పోయేది నా కొలువు. నేను అరిచినప్పుడల్లా ఆయన మేడం అని ఊరుకున్నాడు. ఒక్క మాటతో నా నోరు మూయించగలిగిన మనిషి ఆ మాట ఇన్నేళ్ళు చాయతోపాటు మింగాడు.

మరునాడు విచారణ. మేనేజరు గదిలో ఆఫీసరు, మేనేజరు, రాసుకోవడానికి నేను. ఆయన ఉతికిన తెల్ల అంగీ వేసుకుని వచ్చాడు. ఆ గదిలో ఆయన పెద్దగా కనిపించాడు. కిటికీ లేకుండా ఆయనను ఎదురుగా కూర్చుని చూడడం అదే మొదటిసారి.

"మారుపేర్ల వాళ్ళ నంబర్లు చెప్పు" అన్నాడు ఆఫీసరు.

ఆయన జేబులోంచి ఒక ఇత్తడి బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. తోమి తోమి అంకెలు అరిగిన బిళ్ళ.

"నాకెరికైన మారుపేరు ఒక్కటే సారు. నాదే."

ఆఫీసరు బిత్తరపోయాడు. "ఎవడి పేరు మీద చేరావు?"

"ఎవడో తెల్వది సారు. మూడుసార్లు పిలిచిండ్రు, రాలే. గిన్నేండ్లు వాని పేరు ఖరాబు గాకుంట చూసుకున్న. వస్తే ఇచ్చేస్త."

"నీ అసలు పేరేంటి?"

నా కలం ఆగిపోయింది. ఆ పేరు చెప్తే రిజిస్టరు తిరగేయడానికి ఎంతసేపు? అదే పేరు, అదే ఊరు, మూడు వందల పదకొండు. ఆయన పైకప్పు వైపు చూశాడు.

"మర్సిపోయిన సారు."

"సొంత పేరు ఎవడైనా మరిచిపోతాడా?"

"వాడకుంటే ఏదన్న మర్సిపోతం."

ఇక ఆగలేక "సార్" అన్నాను. ఆ తర్వాత ఏం చెప్పబోయానో నాకు తెలుసు. మొదటి పేరు నాదే రాసుకోండి అని. ఆయన బల్ల మీదినుంచి చెయ్యి చాచి నా కుడిచేతిని పట్టుకున్నాడు. కలం జారిపోయింది. నా ఖాళీ అరచేతిని తన వేళ్ళతో మూసి, పిడికిలి చేసి, గట్టిగా ఒక్క నొక్కు నొక్కి, నావైపు నెట్టాడు.

"మేడంకు చెయ్యి ఒణుకుతుంది సారు. జర నీళ్ళిప్పియ్యుండ్రి."

నేను నోరు మూసుకున్నాను. ఆ రోజు మూసుకున్నందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ ఆ పిడికిలి దాటి ఎవరు దిగారు గనుక నేను దిగడానికి?

ఆఫీసరుకు లిస్టు చూపించాలి. ఒక్క నంబరు దొరికింది, దానితో ఫైలు మూశాడు. నాలుగు నెలల ముందే ఆయనను తీసేశారు. ఆ సాయంత్రం షిఫ్టు ఎక్కివచ్చిన మనుషులు బాగుచేసిన మిషను దగ్గర కార్డు గీకి, తిన్నగా ఇంటికి పోకుండా కిటికీ దగ్గర లైను కట్టారు. చెయ్యి పెట్టడం, ఆయన తాకడం, పోవడం. లైను చివర నేనూ నిలబడ్డాను. నా చెయ్యి పట్టుకుని, బొటనవేలు ఒకసారి వంచి, "అందరొచ్చిండ్రు" అన్నాడు. కిటికీ మూశాడు.

ఆయన జైనూరు దిక్కు చెల్లెలింటికి వెళ్ళిపోయాడు. మూడేళ్ళకు బిళ్ళల కాక పోయాడని ఆరు వందల నాలుగే నాకు చెప్పాడు. ఏ పేరు పిలిచి ఏడ్చారో అడగబోయి మానుకున్నాను.

గోవాలో ఇదంతా విన్న తమ్ముడు మెడలో వేలాడుతున్న తన కార్డు తిప్పి చూసుకున్నాడు. దానిమీద వాడి పేరు, పక్కన తండ్రి పేరు.

"అయితే గీ పేరు..."

"ఆయనదే."

డ్యూటీకి వేళయింది. తమ్ముడు కార్డు గీకి, గుబ్బల మధ్య చెయ్యి ఆనించాడు. వాడి బొటనవేలు కూడా బాపుదే, వెనక్కి విల్లులాగా వంగింది.

పేరు ఒకాయనది, చెయ్యి ఇంకొకాయనది. పెట్టె కాసేపు ఆలోచించింది. పచ్చదీపం వెలిగింది.